గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారా? పేరు చూసి పొరపడొద్దు.. పెట్టె మీద ఆ ఒక్క అంకె చూడండి!

డిసెంబర్ 3. ఒకే రోజు రెండు వార్తలు మా స్క్రోలింగ్‌లో వెళ్లాయి. ఒకటి.. డాలరు 90 రూపాయలు దాటేసింది. రెండోది.. అమెరికా మెమరీ చిప్‌ల కంపెనీ మైక్రాన్, 'క్రూషియల్' బ్రాండ్‌తో మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఫిబ్రవరి దాకా సరుకు వస్తుందని, ఆ తర్వాత ఉండదని చెప్పింది. మొదటి వార్త మీద గంటసేపు చర్చ నడిచింది. రెండోది బిజినెస్ బులెటిన్‌లో 20 సెకన్లలో అయిపోయింది.

ఆ వారంలోనే ఓ రాత్రి పదకొండున్నరకి గుంటూరు నుంచి మా పిన్ని కొడుకు వాట్సాప్ చేశాడు. మూడు పెట్టెల ఫొటోలు. కింద ఒక్కటే లైను.. "అక్కా, ఇందులో ఏది? నాన్న 32 వేలు ఇస్తానన్నాడు, రేపే కొనాలి."

వాడు బీటెక్ రెండో ఏడాది. మా బాబాయ్ మిర్చి యార్డులో ఓ కమిషన్ దుకాణంలో గుమస్తా. ఆ 32 వేలు ఎన్ని నెలల నుంచి పక్కన పెడితే వచ్చాయో నాకు తెలుసు. అందుకే వెంటనే జవాబివ్వలేదు. ఫొటోలు పెద్దవి చేసి చూశాను. మూడు పెట్టెల్లో రెండింటి మీద పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే. తేడా అల్లా ఓ మూలన చిన్నగా ఉన్న అంకె.. ఒకదాని మీద 8 జీబీ, ఇంకోదాని మీద 16 జీబీ.

ఆ అంకే అసలు కథ. డిసెంబర్ 3న మనం 20 సెకన్లలో దాటేసిన వార్త కూడా దాని గురించే.

కార్డుకీ ఏఐకీ ఏంటి సంబంధం?

గ్రాఫిక్స్ కార్డులో ప్రధానంగా ఉండేవి రెండు. లెక్కలు కట్టే చిప్ ఒకటి, దాని చుట్టూ ఉండే మెమరీ రెండోది. దీన్నే వీర్యామ్ అంటారు. ప్రపంచంలో మెమరీ చిప్‌లు తయారు చేసేవాళ్లలో పెద్దవాళ్లు ముగ్గురే.. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఇప్పుడు ఈ ముగ్గురి దగ్గరా క్యూలో ముందు నిలబడింది ఏఐ డేటా సెంటర్లు. అక్టోబర్ 1న ఓపెన్‌ఏఐ సంస్థ శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్‌లతో కుదుర్చుకున్న అవగాహనలో చెప్పిన లక్ష్యం.. నెలకు 9 లక్షల మెమరీ వేఫర్లు! ఏఐ సర్వర్లకు అమ్మితే లాభం ఎక్కువ, ఆర్డర్లు పెద్దవి. ఇంట్లో పీసీ బిగించుకునే కుర్రాడికి ఒక్కో స్టిక్ అమ్మడం ఎందుకు అనుకున్నారు. మైక్రాన్ బయటికే చెప్పేసింది, మిగతావాళ్లు చెప్పలేదు, అంతే తేడా.

విశాఖలో గూగుల్ 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడుతోందని అక్టోబర్ 14న మనమే పండగలా చూపించాం. అది మంచి వార్తే, కాదనడం లేదు. కానీ ప్రపంచమంతా అలాంటి సెంటర్లు లేస్తుంటే వాటిలో నింపే మెమరీ ఆకాశం నుంచి పడదు కదా. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ మెట్లెక్కి ర్యామ్ ధర అడిగినవాళ్లకు ఈ సంగతి ఇప్పటికే తెలిసిపోయింది. అక్టోబర్ ముందు ధరకీ ఇప్పటి ధరకీ పొంతన లేదు.

ర్యామ్ తర్వాత వంతు ఎవరిది? గ్రాఫిక్స్ కార్డుది. దాని మీద ఉన్నదీ మెమరీయే, తయారయ్యేదీ ఆ ఫ్యాక్టరీల్లోనే. మెమరీ ఖరీదు పెరిగినప్పుడు కార్డు కంపెనీ ముందు రెండే దారులు.. ధర పెంచడం, లేదా మెమరీ తగ్గించడం. రెండో దారిలో పేరు మార్చకుండా తగ్గిస్తే కొనేవాడికి తెలియదు కూడా.

ముందు ధరల లెక్క చూద్దాం

అమెరికాలో కంపెనీలు ప్రకటించే ధరలో పన్ను ఉండదు. మన దగ్గర గ్రాఫిక్స్ కార్డు మీద 18 శాతం జీఎస్టీ. డాలరుకి 90 వేసుకుని చూడండి.

ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060, 8 జీబీ. 2025 మేలో వచ్చింది, 299 డాలర్లు. రూపాయల్లో 26,910. జీఎస్టీ కలిపితే 31,754. ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ జూన్‌లో వచ్చింది. అందులో 8 జీబీది కూడా 299 డాలర్లే, 16 జీబీది 349. అంటే మన లెక్కలో 37,064. ఇంటెల్ ఆర్క్ బీ580, 12 జీబీ, 2024 డిసెంబర్‌లో 249 డాలర్లకు వచ్చింది.. 26,444 అవుతుంది. ఎన్విడియా 5050 కూడా 249 డాలర్లే, కానీ 8 జీబీ.

షాపులో ధర దీనికి అటూ ఇటూ ఉంటుంది. రవాణా, డీలర్ లాభం, స్టాక్ ఉన్నదా లేదా.. అన్నీ కలుస్తాయి. కానీ ఈ కాగితం లెక్క చేతిలో ఉంటే ఎవరైనా 38 వేలకు 5060 చూపించినప్పుడు "ఇదేంటి?" అని అడిగే ధైర్యం వస్తుంది.

ఇందులో నేను గీత కింద గీత గీసుకున్నది ఒక్కటే. 9060 ఎక్స్‌టీలో 8కీ 16కీ మధ్య తేడా 50 డాలర్లు. మన డబ్బుల్లో 5,310. ఆ ఐదు వేలు పెట్టాలా వద్దా అన్నదే మా తమ్ముడి ప్రశ్న. వాడు అడగలేదు, కానీ అసలు ప్రశ్న అదే.

8 జీబీ చాలదా?

వంటింటి గట్టు గుర్తు తెచ్చుకోండి. గట్టు వెడల్పుగా ఉంటే కూరగాయలు, పోపు డబ్బా, పిండి గిన్నె అన్నీ చేతికందేలా పెట్టుకుంటాం. ఇరుకుగా ఉంటే పోపు మాడుతుండగా స్టోర్ రూమ్‌కి పరిగెత్తాలి. వంట చేసేవాళ్ల చేయి ఎంత స్పీడైనా సరే, ఆ పరుగు తప్పదు. వీర్యామ్ ఆ గట్టు.

ఆటలో కనిపించే గోడలు, ముఖాలు, చెట్ల టెక్స్‌చర్లన్నీ వీర్యామ్‌లో కూర్చుంటాయి. అది నిండిపోతే మిగిలినవి మదర్‌బోర్డు మీది మామూలు ర్యామ్‌లోకి వెళ్తాయి. కార్డు వాటిని పీసీఐఈ స్లాట్ ద్వారా లాక్కోవాలి. ఇక్కడ అంకెలు చూస్తే విషయం తేలిపోతుంది. 5060లో కార్డు తన సొంత మెమరీని సెకనుకు 448 జీబీ వేగంతో చదువుతుంది. అదే కార్డు పాత పీసీఐఈ 3.0 బోర్డులో బయటి ర్యామ్ నుంచి తెచ్చుకునేది సెకనుకు దాదాపు 8 జీబీ. ఎందుకంటే 5060కి ఉన్నవి 8 లేన్లే, 16 కాదు. అంటే 50 రెట్లకు పైగా తేడా! ఆట అప్పటిదాకా బాగా నడిచి, మూల తిరగ్గానే గుక్కపట్టినట్టు ఆగుతుంది. సగటు ఎఫ్‌పీఎస్ చూస్తే 60 పైనే కనిపిస్తుంది. ఆడేవాడికి మాత్రం చిరాకు.

కొన్ని ఆటలైతే ఇంకో తెలివి చూపిస్తాయి. మెమరీ సరిపోకపోతే ఆగవు, టెక్స్‌చర్లను మసక చేసేస్తాయి. ఎఫ్‌పీఎస్ బాగుంటుంది, బొమ్మ మాత్రం నీళ్లలో తడిసినట్టుంటుంది. బెంచ్‌మార్క్ వీడియోల్లో ఈ మసక పట్టదు, అంకె మాత్రమే కనబడుతుంది. మీరు రీల్స్‌లోనో యూట్యూబ్‌లోనో అలాంటి పోలిక వీడియో చూస్తున్నప్పుడు ఒక్కసారి పాజ్ చేసి కార్డు పేరు పక్కన ఎన్ని జీబీ అని రాశారో చూడండి. చాలాసార్లు రాయరు.

రెండో వైపు వాదన కూడా చెప్పాలి. ఏఎమ్‌డీ గేమింగ్ విభాగంలో ఉన్న ఫ్రాంక్ అజోర్ 2025 మేలో, ఎక్కువమంది ఇంకా 1080పీలోనే ఆడుతున్నారు, వాళ్లకు 8 జీబీకి మించి అవసరం లేదని అన్నారు. నెట్‌లో ఉతికి ఆరేశారు. కానీ మొదటి సగం నిజమే.. స్టీమ్ సర్వేలో 1080పీ వాడేవాళ్లే సగం కంటే ఎక్కువ. వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ 2, ఈ మధ్య వరకు వచ్చిన చాలా ఆన్‌లైన్ ఆటలు 8 జీబీలో హాయిగా నడుస్తాయి. నిజం చెప్పాలంటే వాలరంట్ ఒక్కటే ఆడేవాడికి 30 వేల కార్డు దండగ. ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్‌తోనే కనీస స్థాయిలో నడిచే ఆట అది.

నాకు తేడా వచ్చేది రెండో సగం దగ్గర. బడ్జెట్ కార్డు కొనేవాడు ఏడాదికోసారి మార్చడు. వాడు నాలుగేళ్లు, ఐదేళ్లు లాగుతాడు. ఇవాళ సరిపోయేది కాదు వాడికి కావాల్సింది. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్ 2024 డిసెంబర్‌లో వచ్చినప్పుడే కనీస అర్హతగా 8 జీబీ కార్డు, అది కూడా రే ట్రేసింగ్ ఉన్నది కావాలని పెట్టారు. 'కనీసం' అన్న గడిలో ఉన్న అంకెను 2026లో కొత్తగా కొని 2030 దాకా వాడాలంటే ఎలా? పైగా కంపెనీలు ప్రకటనల్లో చూపించే ఫ్రేమ్ జనరేషన్ అనే సదుపాయం, అదే రెండు నిజమైన ఫ్రేముల మధ్య ఏఐతో ఫ్రేములు పుట్టించడం, అది కూడా వీర్యామ్ తింటుంది. గట్టు ఇరుకుగా ఉన్నవాడికే ఇంకో గిన్నె ఇచ్చినట్టు.

కంపెనీలకు ఈ సంగతి తెలియదనుకోకండి. 2025 ఏప్రిల్‌లో ఆర్‌టీఎక్స్ 5060 టీఐ రెండు రకాలుగా వచ్చింది. 8 జీబీ 379 డాలర్లు, 16 జీబీ 429. రివ్యూ చేసేవాళ్లకు ముందుగా వెళ్లిన కార్డులు 16 జీబీవి. 8 జీబీ కావాలంటే చాలామంది సొంత డబ్బుతో కొనుక్కుని పరీక్షించారు. అన్నీ బాగున్న పెళ్లికొడుకు ఫొటో పంపడానికి ఎవరూ మొహమాటపడరు.

పేరు ఒకటే.. లోపల సరుకు వేరు

ఇది కొత్త అలవాటు కాదు. చిట్టా విప్పితే చాలా ఉంది.

జీటీ 1030 గుర్తుందా? మొదట జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది. 2018లో అదే పేరుతో డీడీఆర్4 రకం దింపారు. మెమరీ వేగం 48 నుంచి దాదాపు 17 జీబీకి పడిపోయింది. పేరు మాత్రం జీటీ 1030. 2022 చివర్లో ఆర్‌టీఎక్స్ 3060కి ఇదే జరిగింది. 12 జీబీది అసలు కార్డు. తర్వాత వచ్చిన 8 జీబీ రకంలో మెమరీ ఒక్కటే తగ్గలేదు, మెమరీకి వెళ్లే దారి కూడా 192 బిట్ నుంచి 128కి కుదించారు.

ఇప్పుడు మన షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఆర్‌టీఎక్స్ 3050. 2022 జనవరిలో వచ్చిన 3050 వేరు, 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీ 3050 వేరు. రెండోదానిలో కోర్లు 2560 నుంచి 2304కి తగ్గాయి, బస్ 128 నుంచి 96కి తగ్గింది. పెట్టె మీద పెద్దక్షరాల్లో మాత్రం రెండింటికీ అదే పేరు. యూట్యూబ్‌లో పాత 3050 వీడియో చూసి, షాపులో కొత్త 3050 తెచ్చుకుని, "నాకెందుకు అంత రావట్లేదు బ్రో" అని అడిగేవాళ్లు కోకొల్లలు.

నేనూ పడ్డాను ఈ గోతిలో. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం తన పద్ధతి మార్చుకుంది. దాంతో గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ చేసే వ్యాపారం రాత్రికి రాత్రి కూలిపోయింది. గోడౌన్లలో పగలూ రాత్రీ తిరిగిన కార్డులన్నీ సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కి వచ్చిపడ్డాయి. అప్పుడు నేను మాస్ కమ్యూనికేషన్ చదువుతున్నా, ప్రాజెక్ట్ ఫిల్మ్ ఎడిటింగ్‌కి కార్డు కావాలి. ఓ గ్రూపులో ఆర్‌ఎక్స్ 580, 8 జీబీ, ఏడు వేలు అంటే ఎగిరి గంతేశాను. ఇంటికొచ్చి జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే.. షేడర్లు 2048. అసలు 580కి 2304 ఉండాలి. ఇది చైనా మార్కెట్ కోసం 2018లో వదిలిన '2048 ఎస్‌పీ' రకం. పేరుకి 580, లోపల 570. అమ్మినవాణ్ని అడిగితే, "580 అనే కదా రాసుంది మేడం" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం. ఫ్యాన్ ఒకటి నెల తిరక్కుండానే ఆగిపోయింది, అది వేరే కథ.

అందుకే సెకండ్ హ్యాండ్ మీద నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. కొనొద్దని కాదు. ఎదురుగా పీసీలో పెట్టి, జీపీయూ-జెడ్ తెరిచి, ఓ అరగంట ఆట ఆడించకుండా డబ్బు చేతిలో పెట్టొద్దు. నకిలీ ఎన్విడియా కార్డులను ఆ సాఫ్ట్‌వేర్ 2018 నుంచే పట్టేస్తోంది, పేరు ముందు 'ఫేక్' అని చూపిస్తుంది. అసలు బిల్లు, కార్డు మీది సీరియల్ నంబర్ కలిసేలా ఉండాలి. ఇంకో ముఖ్యమైన విషయం.. జీటీఎక్స్ 1050 టీఐ, 1060, 1070 లాంటి కార్డులు చవగ్గా దొరుకుతున్నాయని మురిసిపోకండి. ఎన్విడియా 2025 అక్టోబర్‌తో వీటికి కొత్త ఆటల డ్రైవర్లు ఆపేసింది. భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబర్ వరకు ఇస్తామంది. ఆర్‌ఎక్స్ 500 సిరీస్‌ను ఏఎమ్‌డీ 2023లోనే ప్రధాన డ్రైవర్ల నుంచి పక్కకు తీసింది.

ముందు మీ డబ్బా మూత తీయండి

కార్డు గురించి అడిగేవాళ్లలో నూటికి తొంభై మంది తమ పీసీలో ఏముందో చెప్పరు. మా తమ్ముడూ అంతే. మూడోసారి అడిగితే క్యాబినెట్ మూత తీసి ఫొటో పెట్టాడు. రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 1080పీ మానిటర్. ఇవి చూశాక సగం ప్రశ్న దానంతటదే తేలిపోయింది.

బీ450 అంటే పీసీఐఈ 3.0. అక్కడ 5060 లాంటి 8 లేన్ల, 8 జీబీ కార్డు పెడితే పైన చెప్పిన కష్టం పూర్తిగా వాడికే. ఆ కార్డుకి ఎన్విడియా చెప్పేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, అంటే ఇంకో ఖర్చు.

ఇంటెల్ బీ580 ధరకి 12 జీబీ ఇస్తోంది. కాగితం మీద చూస్తే అదే బంగారం. కానీ 2025 జనవరిలో రివ్యూయర్లు ఓ లోపం బయటపెట్టారు. పాత, కాస్త బలహీనమైన ప్రాసెసర్లతో కలిపితే ఈ కార్డు బాగా నెమ్మదిస్తుంది. రివ్యూల్లో ఖరీదైన ప్రాసెసర్‌తో వచ్చిన అంకెలు 3600తో రావు. బోర్డులో రీసైజబుల్ బార్ అనే సెట్టింగ్ కూడా ఆన్ అవ్వాలి. కొత్తగా పీసీ మొత్తం కట్టించుకునేవాళ్లకు నేను బీ580 పేరు తప్పకుండా చెబుతా. పాత డబ్బాకి కొత్త ఇంజిన్ వేద్దామనుకునేవాళ్లకు చెప్పను.

ఆఫీసుల్లో వాడి అమ్మేసిన సన్న క్యాబినెట్ పీసీ కొనుక్కున్నవాళ్లది వేరే సమస్య. అందులో ఎస్‌ఎంపీఎస్‌కి గ్రాఫిక్స్ కార్డు కోసం వేరే వైరే ఉండదు. స్లాట్ నుంచి వచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. నేను పైన తిట్టిన 6 జీబీ 3050 ఉంది చూశారా, అది 70 వాట్లే తాగుతుంది, వేరే వైరు అడగదు. సన్న క్యాబినెట్‌లో పట్టే చిన్న సైజు రకాలూ ఉన్నాయి. ఆ ఒక్క చోట అది సరైన కార్డు. పేరు మోసం చేస్తుందే గానీ కార్డు పనికిమాలింది కాదు.

అన్నట్టు, కరెంటు మాట. మన ఇళ్లలో పీసీ కింద ఉండే 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్లకే. 145 వాట్ల కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి ఆట మధ్యలో కరెంటు పోతే బీప్ అనే లోపే అది చేతులెత్తేయొచ్చు. ఎండాకాలంలోపు దాని సంగతీ చూసుకోండి.

బీటెక్‌లో ఏఐ, మెషిన్ లెర్నింగ్ తీసుకున్నవాళ్లకు మాత్రం నా సలహా మారుతుంది. క్లాసులో వాడే చాలా సాఫ్ట్‌వేర్ ఎన్విడియా కూడా మీద ముందు ఆడుతుంది, మిగతావాటి మీద కుస్తీ పట్టాలి. బ్లెండర్ వాడేవాళ్లకీ అంతే. అలాంటివాళ్లు 5060 టీఐ 16 జీబీకి డబ్బు కూడబెట్టుకోవాలి, లేదా పరీక్షించి మరీ పాత 3060, 12 జీబీది వెతుక్కోవాలి. 429 డాలర్లంటే మన లెక్కలో 45 వేల పైమాట. దాన్ని బడ్జెట్ కార్డు అనడానికి నాకు నోరు రావట్లేదు.

జీటీఏ 6 కోసమా?

మా కామెంట్లలో ఎక్కువగా కనిపించే మాట ఇదే.. "జీటీఏ 6 వస్తోంది కదా, దానికి ఏ కార్డు?" ఆ ఆట 2026 నవంబర్ 19కి వాయిదా పడింది. అంతకంటే పెద్ద విషయం, ఆ తేదీ ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్‌లకు. పీసీకి తేదీ ప్రకటించలేదు. రాని ఆటకి ఇప్పుడే కార్డు కొనడమంటే.. ఆలూ లేదు చూలూ లేదు సామెత మీకు తెలిసిందే.

తల్లిదండ్రుల కోసం ఒక్క మాట. "గేమింగ్ మీద కేంద్రం నిషేధం పెట్టింది కదా, మళ్లీ ఇదెందుకు" అని మా బాబాయ్ కూడా అడిగాడు. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం నిషేధించింది డబ్బు పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను. ఇలాంటి వీడియో గేములు, ఈ-స్పోర్ట్స్ దాని కిందకి రావు. ఈ-స్పోర్ట్స్‌ని ఆ చట్టమే గుర్తించింది కూడా.

ఇప్పుడే కొనాలా, ఆగాలా?

మామూలుగా అయితే నేను ఆగమనేదాన్ని. కొత్త సిరీస్ వస్తే పాతవి దిగుతాయి, అది ఏళ్ల నాటి లెక్క. ఈసారి ఆ లెక్క మీద నాకు నమ్మకం లేదు. మెమరీ కొరత కొన్ని వారాల్లో తీరేలా లేదు, కొత్త ఫ్యాక్టరీ కట్టడానికి ఏళ్లు పడుతుంది. ధర పెరిగితే ముందు దెబ్బ పడేది ఎక్కువ మెమరీ ఉన్న కార్డు మీదే. 8 జీబీ, 16 జీబీ మధ్య విడుదలప్పుడు 50 డాలర్లున్న తేడా అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి అవసరం నిజంగా ఉంటే, డబ్బు చేతిలో ఉంటే 16 జీబీ మీద ఇప్పుడు ఖర్చు పెట్టడంలో తప్పు లేదు. అప్పు చేసి మాత్రం వద్దు. వాలరంట్‌కి అసలే వద్దు.

తమ్ముడికి చెప్పింది 9060 ఎక్స్‌టీ, 16 జీబీ. దానికి 16 లేన్లున్నాయి, పాత బోర్డులో అంతగా ఇబ్బంది పడదు. 160 వాట్లు, ఏఎమ్‌డీ చెప్పే కనీస ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లు, అంటే అంచు మీద సరిపోతుంది. ఇబ్బంది ఒక్కటే.. ఐదు వేలు ఎక్కువ. వాడి ర్యామ్ 8 జీబీనే, దాన్ని 16 చేయాలంటే మళ్లీ ఈ పెరిగిన ధరలే. ఆ ఖర్చు ఇప్పటికి వాయిదా వేయమన్నాను. వాడికి అది నచ్చలేదు.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ ఫోన్.

"ఏమ్మా, వాడేదో ఇంకో ఐదు వేలంటన్నాడు. రెండు పెట్టెలూ ఒకటేగా కనబడతన్నాయి. పేరు కూడా ఒకటే. దేనికమ్మా ఎక్కువ?"

"బాబాయ్, యార్డులో టిక్కీ మీద తేజ అని రాసుంటే చాలా? డీలక్సా, మీడియమా చూడరూ?"

అవతల కాసేపు మాట లేదు. తర్వాత నవ్వాడు. "తాలు కలిపారేమో కూడా చూస్తాంలేమ్మా" అన్నాడు. బిల్లు మీద మోడల్ పేరు పక్కన 16 జీబీ అని రాయించుకోమని, పెట్టె మీది సీరియల్ నంబర్, కార్డు మీది నంబర్ కలుస్తున్నాయో చూడమని చెప్పాను. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

శనివారం ఇద్దరూ షాపుకి వెళ్లారు. షాపతను ముందు 8 జీబీది తీసి బల్ల మీద పెట్టాడట. బాబాయే పెట్టె తిప్పి మూలన అంకె చూసి, "ఇది కాదు బాబూ, పదహారుది" అన్నాడట. 16ది అయిపోయింది, సోమవారం వస్తుందన్నారు. ధర ఎంత అని అడిగితే.. సరుకు వచ్చాక చెబుతామన్నారు.